పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద ఎంత?

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు ఎంత అని అడిగితే, పోటీ పరీక్షలకు చదివినవాళ్లు ఠక్కున 974 కిలోమీటర్లు అంటారు, గుజరాత్ తర్వాత రాష్ట్రాల్లో రెండో స్థానం మనదే అని కూడా కలుపుతారు. ఏళ్ల తరబడి పుస్తకాల్లో ఉన్న అంకె అది. కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో అది 1,053 కిలోమీటర్లు అయింది. దేశం మొత్తం తీరరేఖ 7,516 నుంచి 11,098 కిలోమీటర్ల పైకి వెళ్లింది. గుజరాత్ 1,214 నుంచి 2,340కి, పశ్చిమ బెంగాల్ 157 నుంచి 721కి పెరిగాయి, తమిళనాడు 1,068తో ఆంధ్రప్రదేశ్‌ను దాటి రెండో స్థానానికి వచ్చేసింది. ఇంత తేడా రావడానికి సముద్రమేమీ అంత దూరం జరగలేదు. 1970లలో తీసిన పాత కొలత 1:45,00,000 స్కేలు పటం మీద తీసింది, కొత్తది 1:2,50,000 స్కేలు మీద తీసింది. ప్రధానంగా మారింది పటం స్కేలు, దానితోపాటే దూరం కూడా మారిపోయింది.

స్కేలు అనగానే బడిలో చేసిన లెక్క గుర్తొస్తుంది: పటం మీద ఇన్ని సెంటీమీటర్లు, నిష్పత్తితో గుణించు, జవాబు రాయి. ఆ లెక్క తప్పు కాదు, కానీ అది సగం సంగతే. స్కేలు దూరం ఎంతో చెబుతుంది, ఆ దూరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెబుతుంది. రెండోది పట్టించుకోకపోవడం వల్లే పొలం గట్టు దగ్గర, ప్లాటు కొనేటప్పుడు, ప్రయాణం వేసుకునేటప్పుడు జనం పటాన్ని చూసి కూడా మోసపోతున్నారు.

ముందు లెక్క సంగతి తేల్చేద్దాం, అది నిజంగా చాలా తేలిక. 1:50,000 అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు. అంగుళంతో కొలిస్తే 50,000 అంగుళాలు, అగ్గిపుల్లతో కొలిస్తే 50,000 అగ్గిపుల్లలు, ఏ కొలత పట్టుకున్నా అదే నిష్పత్తి. మన లెక్కల పద్ధతిలో ఇంకో సుఖం ఉంది: ఒక కిలోమీటరుకు సరిగ్గా లక్ష సెంటీమీటర్లు. కాబట్టి స్కేలులో ఉన్న అంకెలో ఎన్ని లక్షలు ఉన్నాయో చూస్తే చాలు, ఒక సెంటీమీటరుకు అన్ని కిలోమీటర్లు. 1:50,000 అంటే అర లక్ష, అర కిలోమీటరు. 1:2,50,000 అంటే రెండున్నర కిలోమీటర్లు. 1:10,00,000 అంటే పది కిలోమీటర్లు. కాగితం, కాలిక్యులేటర్ అవసరం లేదు. పాత పటాల మీద కనిపించే 1:63,360 అనే వింత అంకె కూడా ఇలాంటిదే, మైలుకు 63,360 అంగుళాలు కాబట్టి అక్కడ ఒక అంగుళం అంటే ఒక మైలు.

విస్తీర్ణం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకంటే నిష్పత్తి రెండుసార్లు గుణించాలి, పొడవుకు ఒకసారి, వెడల్పుకు ఒకసారి. 1:50,000 పటం మీద ఒక చదరపు సెంటీమీటరు అంటే అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు, అంటే పావు చదరపు కిలోమీటరు, 25 హెక్టార్లు, దాదాపు 62 ఎకరాలు. పటం మీద రెండు చదరపు సెంటీమీటర్లు ఆక్రమించిన చెరువు నేల మీద 120 ఎకరాలకు పైగా ఉంటుంది. అర కిలోమీటరు కదా అని అర చదరపు కిలోమీటరు రాసేవాళ్లు చాలామంది, అక్కడే విస్తీర్ణం రెట్టింపు అయిపోతుంది.

పెద్ద స్కేలు, చిన్న స్కేలు అనే మాటలు కూడా తికమక పెడతాయి. 1:5,000 పెద్ద స్కేలు, 1:10,00,000 చిన్న స్కేలు. వీటిని భిన్నాలుగా చూడండి, ఐదువేలలో ఒక వంతు పెద్దదా, పది లక్షల్లో ఒక వంతు పెద్దదా? అంతే.

మన దేశంలో దూరం కొలవడం నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి పటం సర్వే ఆఫ్ ఇండియా వేసే టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, రోడ్లు, ఊళ్లు వివరంగా చూపే పటం. 1767లో మొదలైన సంస్థ అది. 1:50,000 స్కేలులో దేశమంతటికీ షీట్లు ఉన్నాయి, ఒక్కో షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు పరుచుకుంటుంది. పాత నంబర్ల పద్ధతిలో చార్మినార్ ఉన్న షీటు 56కె/7. ఆ షీటును బల్ల మీద పరిచి స్కేలుతో కొలిస్తే ఒక విషయం బయటపడుతుంది: పటం నిలువు సుమారు 55 సెంటీమీటర్లు, అడ్డం సుమారు 53 సెంటీమీటర్లు. రెండు వైపులా 15 నిమిషాలే అయినా అడ్డం తగ్గింది, ఎందుకంటే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. నిలువు దూరం మాత్రం దాదాపు ఎక్కడైనా ఒకటే, అక్షాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవడం చాలా లాభం, ఎందుకో తర్వాత చెప్పుకుందాం.

హైదరాబాద్ నుంచి విజయవాడ తీసుకుందాం. 1:10,00,000 పటం మీద ఈ రెండింటి మధ్య స్కేలు పెడితే దాదాపు 25 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 250 కిలోమీటర్లు. కానీ బస్సెక్కినవాళ్లు ఎవరూ 250 అనరు, రోడ్డు మీద 270 దాటుతుంది. పటం అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే వేరు. స్కేలు పెట్టి కొలిస్తే వచ్చేది పక్షి ఎగిరే దారి. ఈ దారి ఎక్కువగా మైదానం కాబట్టి రోడ్డు పదో వంతు మాత్రమే పెరిగింది. విశాఖపట్నం నుంచి అరకు చూడండి: అదే పటం మీద ఎనిమిది సెంటీమీటర్లు, అంటే 80 కిలోమీటర్లు, రోడ్డు మీద మాత్రం 115 దాకా అవుతుంది. దాదాపు సగం అదనం. పటంలో నుంచి తీసిన దూరానికి గుడ్డిగా ఇంత శాతం కలుపుకోండి అని చెప్పే సూత్రం అందుకే పనికిరాదు. నేల ఎలా ఉందో చూసి కలుపుకోవాలి.

కొండ అనగానే ఎత్తు వల్ల దూరం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. తిరుమలతో లెక్కేసి చూద్దాం. అలిపిరి నుంచి ఆలయం దాకా సరళరేఖలో సుమారు 7 కిలోమీటర్లు, ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. పైథాగరస్ సూత్రం వేస్తే ఏటవాలు దూరం 7,035 మీటర్లు. అంటే 700 మీటర్లు ఎక్కినా దూరం పెరిగింది 35 మీటర్లే! కానీ మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు 18 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దూరాన్ని పెంచేది ఎత్తు కాదు, వంపులు. బండి ఎక్కగలిగే వాలు కోసం రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరగాల్సి వస్తుంది, ఆ మెలికలే కిలోమీటర్లను తింటాయి. కాబట్టి కొండ దారి కొలిచేటప్పుడు కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) వంక చూసి ఎత్తు లెక్కలు వేయడం కన్నా, వంపులు సరిగ్గా కొలిచామా లేదా అన్నది చూసుకోవడం ముఖ్యం.

వంకర దారిని కొలవడానికి దారం వాడమని పుస్తకాలు చెబుతాయి. పనిచేస్తుంది, కానీ సాగే దారం కాకూడదు, వంపుల దగ్గర వేలితో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే దారం అడ్డదారి పట్టేస్తుంది. ఇంతకంటే నమ్మకమైనది కాగితం అంచు పద్ధతి. తెల్ల కాగితం అంచును దారి మొదట పెట్టి, తిన్నగా ఉన్నంత మేర గుర్తు పెట్టి, పెన్సిల్ మొన అక్కడే ఆనించి కాగితాన్ని తిప్పి, మళ్లీ తిన్నగా ఉన్నంత మేర గుర్తు పెట్టి, అలా చివరిదాకా పోవాలి. చివరికి కాగితం అంచు మీద మొత్తం పొడవు ఒకే గీతగా మిగులుతుంది, దాన్ని తీసుకెళ్లి పటం కింద ఉన్న స్కేల్ బార్, అంటే కిలోమీటర్ల గుర్తులతో గీసిన పట్టీ, పక్కన పెడితే కిలోమీటర్లు నేరుగా చదవచ్చు. గుణకారమే లేదు. బడిలో పిల్లలకు ఇది చేతులతో చేయించాలి, ఒక్కసారి చేస్తే జీవితాంతం గుర్తుంటుంది.

ఎంత జాగ్రత్తగా కొలిచినా, పటంలో లేని వంపును ఎవరూ కొలవలేరు. తీరరేఖ కథ అంతా ఇక్కడే ఉంది. 1:45,00,000 పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగున్నర కిలోమీటర్లు. కిలోమీటరు లోపలికి చొచ్చుకొచ్చిన ఒక పాయ ఆ పటం మీద మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, పెన్ను గీత మందంలో కలిసిపోతుంది. గీసేవాడు దాన్ని వదిలేసి నున్నగా గీసుకుంటూ పోతాడు, పోవాలి కూడా, లేకపోతే పటం చదవలేనంత చిక్కగా తయారవుతుంది. అదే పాయ 1:2,50,000 పటం మీద నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, స్పష్టంగా కనిపిస్తుంది, దాని రెండు ఒడ్లూ కొలతలోకి వస్తాయి. కోరింగ మడ అడవుల దగ్గర ఇలాంటి పాయలు చూడవచ్చు. సుందర్బన్స్‌లో, కచ్ తీరంలో అయితే అడుగడుగునా అవే. అందుకే బెంగాల్ అంకె నాలుగున్నర రెట్లు అయింది, ఆంధ్రప్రదేశ్ అంకె మాత్రం 8 శాతం దగ్గర ఆగిపోయింది. మన తీరం చాలావరకు నున్నగా, తిన్నగా సాగుతుంది, దాచుకున్న వంపులు తక్కువ. పెరిగిన శాతాన్ని చూసే తీరం ఆకారం చెప్పేయవచ్చన్నమాట, ఈ కొత్త అంకెల్లో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే.

ఇది ఒక్క మన దేశం సమస్య కాదు. స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్నది ఒకటే సరిహద్దు, కానీ ఒక దేశం దాన్ని 987 కిలోమీటర్లని, ఇంకో దేశం 1,214 కిలోమీటర్లని రాసుకున్నాయి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఈ తేడా ఎందుకొస్తుందో పరిశీలించి, కొలిచే కర్ర చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతూ పోతుందని చూపించాడు, 1967లో గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ దాని మీద పెద్ద గణితమే కట్టాడు. మనకు కావాల్సినంత వరకు విషయం ఇదీ: నది, తీరం, ఘాట్ రోడ్డు, అడవి అంచు, ఇలాంటి వంకర గీతల పొడవు చెప్పేటప్పుడు ఏ స్కేలు పటం మీద కొలిచారో చెప్పకపోతే ఆ అంకె సగమే. పరీక్షల్లో 974 అని బట్టీ పట్టించడం, ఇప్పుడు దాని స్థానంలో 1,053 అని బట్టీ పట్టించడం, రెండూ పిల్లలకు అన్యాయమే. ఏ స్కేలు మీద అని పక్కన ఒక్క ముక్క చేర్చితే ఎంతో నేర్చుకుంటారు.

ఇప్పుడు పటం అంటే చాలామందికి ఫోన్‌లో కనిపించేదే. అక్కడ నిష్పత్తి ఉండదు, వేళ్లతో జరిపినప్పుడల్లా స్కేలు మారుతుంది కాబట్టి ఉండలేదు కూడా, మూలన ఒక చిన్న స్కేల్ బార్ మాత్రం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. దాన్ని నమ్మవచ్చు, కానీ ఒక ఊరు, ఒక జిల్లా చూస్తున్నంతవరకే. గూగుల్ మ్యాప్స్ లాంటివాటిలో పటాన్ని పరిచే మెర్కేటర్ పద్ధతి భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. హైదరాబాద్ దగ్గర ఈ సాగుదల 5 శాతం లోపే, శ్రీనగర్ దగ్గర 20 శాతం దాటుతుంది. దేశమంతా కనిపించేలా చిన్నది చేసి, హైదరాబాద్ దగ్గర ఒక సెంటీమీటరుకు ఎంతో చూసుకుని అదే కొలతతో కశ్మీర్‌లో దూరం తీస్తే 15 శాతం ఎక్కువ వస్తుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డునూ లండన్ చుట్టూ ఉన్న ఎమ్25 రోడ్డునూ ఒకే జూమ్‌లో స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాళ్లు ఉంటారు. మనది 158 కిలోమీటర్లు, వాళ్లది సుమారు 188. అసలు తేడా ఐదో వంతు లోపే. కానీ స్క్రీన్‌షాట్‌లో లండన్ రోడ్డు మనదానికి 1.8 రెట్లు పొడవుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ అక్షాంశం దగ్గర పటం మన దగ్గరకన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవాళ్లు తమ కాలనీని సొంతూరితో పోల్చినా ఇదే జరుగుతుంది, డల్లాస్ దగ్గర కొంచెం తక్కువ, న్యూజెర్సీ దగ్గర కొంచెం ఎక్కువ. ఆకారాలు పోల్చాలంటే ఒకే జూమ్ కాకుండా ఒకే స్కేల్ బార్ వచ్చేలా సర్దుకోవాలి. దూరమే కావాలంటే అందులోనే ఉన్న దూరం కొలిచే ఆప్షన్ వాడాలి, అది తెర మీది సెంటీమీటర్లను కాకుండా రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలను తీసుకుని గోళం మీద లెక్క వేస్తుంది, కాబట్టి ఈ సాగుదల దాన్ని తాకదు.

కాగితం పటానికి ఇంకో ప్రమాదం ఉంది, మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే. జిరాక్స్. ఒక పటాన్ని ఏ3 నుంచి ఏ4కి తగ్గించి తీస్తే పొడవులన్నీ 70 శాతానికి తగ్గుతాయి, విస్తీర్ణం సరిగ్గా సగం అవుతుంది. కానీ పటం మీద అచ్చయిన 1:5,000 అనే అంకె మాత్రం అలాగే ఉంటుంది, అది బొమ్మతోపాటు చిన్నదైనా అంకె మారదు కదా. ఇప్పుడు ఆ అంకెను నమ్మి కొలిస్తే కిలోమీటరు 700 మీటర్లు అవుతుంది, ఐదెకరాలు రెండున్నర అవుతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, ఫోన్‌లో తీసిన స్కాన్, పీడీఎఫ్‌ను ‘ఫిట్ టు పేజ్’ పెట్టి తీసిన ప్రింట్, వీటన్నిటికీ ఇదే గతి. ప్రింట్ తీసేటప్పుడు ‘యాక్చువల్ సైజ్’ అని పెట్టుకోవడం మొదటి జాగ్రత్త. రెండోది, అంకెలో ఉన్న నిష్పత్తిని వదిలేసి గీసిన స్కేల్ బార్‌ను పట్టుకోవడం. బొమ్మ ఎంత తగ్గితే బార్ అంతే తగ్గుతుంది, బొమ్మ ఎంత పెరిగితే బార్ అంతే పెరుగుతుంది, కాబట్టి ఎన్ని జిరాక్స్‌లు దాటినా అది నిజమే చెబుతుంది. వానాకాలం చెమ్మకు కాగితం ఉబ్బినా, పాత షీటు ముడుచుకుపోయినా అంతే. పటం వేసేవాళ్లు నిష్పత్తి రాసినా సరే స్కేల్ బార్ తప్పకుండా గీయాలని పట్టుబట్టేది ఇందుకే.

బార్ కత్తిరించేసిన పటం చేతికొస్తే? అప్పుడు స్కేలును మనమే తిరిగి సంపాదించుకోవచ్చు. పటం అంచున అక్షాంశాల గుర్తులు ఉంటే చాలు. ఐదు నిమిషాల తేడా ఉన్న రెండు గుర్తుల మధ్య దూరం నేల మీద సుమారు 9.2 కిలోమీటర్లు. కాగితం మీద అది 18.4 సెంటీమీటర్లు ఉంటే పటం నిజంగా 1:50,000, 13 సెంటీమీటర్లే ఉంటే ఎవరో తగ్గించి తీశారు, ఇప్పుడు సెంటీమీటరుకు 700 మీటర్లు లెక్క. రేఖాంశాల గుర్తులతో ఈ లెక్క వేయకూడదు, హైదరాబాద్ దగ్గర ఐదు నిమిషాల రేఖాంశం 8.9 కిలోమీటర్ల లోపే ఉంటుంది, పైగా అక్షాంశాన్ని బట్టి మారుతుంది. ఏ గుర్తులూ లేకపోతే పొడవు తెలిసిన వస్తువు ఒకటి పటంలో వెతకాలి: రెండు కిలోమీటరు రాళ్ల మధ్య తిన్నగా ఉన్న రోడ్డు ముక్క, ఎప్పుడో కొలిచిన చెరువు కట్ట. తెలిసిన దూరం ఎంత పెద్దదైతే అంత మంచిది, చిన్నదాన్ని పట్టుకుంటే కొలతలో జరిగిన మిల్లీమీటరు పొరపాటు మొత్తం పటానికి పాకుతుంది.

ఇక పొలం. స్కేలు తెలియకపోతే డబ్బు, మనశ్శాంతి రెండూ పోయేది ఇక్కడే.

పాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చిన గ్రామ పటాల్లో చాలావాటి మీద 16 అంగుళాలు ఒక మైలు అని ఉంటుంది. నిష్పత్తిలో చెబితే 1:3,960, చూడ్డానికి విచిత్రమైన అంకె. కానీ దాన్ని గొలుసుతో కలిపి చూడండి. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, మైలుకు 80 గొలుసులు. 80ని 16తో భాగిస్తే 5. అంటే పటం మీద ఒక అంగుళం సరిగ్గా ఐదు గొలుసులు, 500 లింకులు, 330 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం కాబట్టి ఒక చదరపు అంగుళం సరిగ్గా రెండున్నర ఎకరాలు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. సెంటీమీటర్లతో కుస్తీ పట్టకుండా అంగుళాల స్కేలు తీసుకుంటే ఆ పటం మీద ఎకరాలు నోటి లెక్కతో చెప్పేయవచ్చు. మెట్రిక్‌లోకి మార్చి కొలవబోతే అన్నీ పాయింట్లే. పటం ఏ కొలతల్లో పుట్టిందో ఆ కొలతల్లోనే చదవాలి. తెలంగాణలో గుంటలు కూడా ఇలాగే కుదురుతాయి, గుంట అంటే 33 అడుగుల పక్కలున్న చదరం, 66 అడుగుల గొలుసులో సగం, 40 గుంటలు ఒక ఎకరం. (క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కూడా ఈ గొలుసే, ఉపగ్రహ చిత్రంలో పిచ్ కనిపిస్తే స్కేలు సుమారుగా ఉందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది.)

ఇప్పుడు అసలు విషయం. గ్రామ పటంలో గీత మందం అర మిల్లీమీటరు అనుకుందాం, ముదురు జిరాక్స్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 1:3,960 స్కేలులో అర మిల్లీమీటరు అంటే నేల మీద దాదాపు రెండు మీటర్లు, ఆరున్నర అడుగులు. గట్టు ఆ గీతకు ఈ అంచున ఉందా, ఆ అంచున ఉందా అన్నది పటం చెప్పలేదు. వంద మీటర్ల పొడవున్న గట్టు దగ్గర రెండు మీటర్ల అనిశ్చితి అంటే 200 చదరపు మీటర్లు, దాదాపు ఐదు సెంట్లు. ఊళ్లలో అన్నదమ్ముల మధ్య, పక్కపక్క రైతుల మధ్య తగాదాలు అడుగు, రెండడుగుల మీద నడుస్తాయి. అలాంటి తగాదాలో గ్రామ పటం తెచ్చి దాని మీద స్కేలు పెట్టి నీ హద్దు ఇక్కడ అని చూపిస్తే, చూపించినవాళ్లు ఎంత నిజాయితీపరులైనా అది తీర్పు కాదు, ఆ పటానికి ఆ శక్తే లేదు. ఇదే గీతను ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం మీద పరిచి జూమ్ చేసి చూసినా అంతే. జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, కొలత నాణ్యత పెరగదు, అసలు పటం ఏ స్కేలులో గీశారో ఆ స్కేలు ఇచ్చే కచ్చితత్వమే చివరిదాకా ఉంటుంది. చేతిలో ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడితే దాని జీపీఎస్ కూడా ఆరుబయట సుమారు ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఆ రెండింటినీ కలిపి హద్దు తేల్చాలనుకోవడం ఇంకా ప్రమాదం.

హద్దు తేల్చడానికి ఉన్నది వేరే కాగితం. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), తెలంగాణలో టీపన్. ఎఫ్‌ఎంబీలో ఒక్కో సర్వే నంబరుకు విడిగా బొమ్మ ఉంటుంది, గీతల పక్కన లింకుల్లో కొలతలు అంకెలుగా రాసి ఉంటాయి. ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు, గ్రామ పటం గీత మందంతో పోలిస్తే పదో వంతు. సర్వేయర్లు పాటించే నియమం ఒకటి అందరికీ తెలియాలి: కొలత అంకెగా రాసి ఉన్నప్పుడు బొమ్మ మీద స్కేలు పెట్టకూడదు, రాసిన అంకెనే తీసుకోవాలి. బొమ్మను చేత్తో గీశారు, కాగితం ముడుచుకుంది, జిరాక్స్ తగ్గించింది, వీటిలో ఏదీ ఆ అంకెను తాకదు. ఇంటి ప్లాన్లకూ, లేఅవుట్ కాపీలకూ కూడా ఇదే వర్తిస్తుంది. 40 అడుగుల రోడ్డు అని రాసి ఉంటే 40 అడుగులే, స్కేలు పెట్టి చూస్తే 36 వచ్చిందని కంగారు పడక్కర్లేదు, ఆ నాలుగు అడుగులు జిరాక్స్ మిషన్‌లో పోయి ఉండవచ్చు. నేల మీద టేపుతో 36 వస్తే మాత్రం కంగారు పడాల్సిందే.

రోడ్ల వెడల్పు గురించే ఇంకో మాట. టోపోషీట్ మీద, రాష్ట్ర పటం మీద రోడ్డు వెడల్పు కొలవకూడదు. 1:50,000 మీద రోడ్డును ఒక మిల్లీమీటరు మందంతో గీస్తే అది 50 మీటర్ల రోడ్డని అర్థం కాదు, కనిపించాలని మందంగా గీశారు. గుడి, బావి, రైల్వే లైను అన్నీ అంతే, అవి చిహ్నాలు. చిహ్నం మధ్య నుంచి మధ్యకు దూరం కొలవచ్చు, చిహ్నం సైజు కొలవకూడదు.

చివరిగా అన్నిటికన్నా ఎక్కువమంది చూసే పటం, రియల్ ఎస్టేట్ బ్రోచర్‌లో ఉండేది. మధ్యలో వెంచర్, దాని పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు, ఆ పక్కనే ఎయిర్‌పోర్ట్, ఐటీ కంపెనీలు, స్కూళ్లు, అన్నీ అరచేతి దూరంలో. కింద మూలన చిన్న అక్షరాల్లో ‘నాట్ టు స్కేల్’ అని ఉంటుంది చాలావాటి మీద, కొన్నిటి మీద అదీ ఉండదు. ఆ మూడు మాటలకు అర్థం ఏమిటంటే, ఈ బొమ్మ మీద ఏ రెండు చోట్ల మధ్య దూరమూ మీరు కొలవడానికి వీల్లేదు అని. అలాంటి బొమ్మ ఏది ఏ దిక్కున ఉందో, ఏ రోడ్డు తర్వాత ఏ రోడ్డు వస్తుందో చెప్పడానికి పనికొస్తుంది, అదీ నిజాయితీగా గీస్తే. జీవితకాలం దాచుకున్న సొమ్ము పెట్టేవాళ్లు, దూరదేశంలో ఉండి ఫోన్‌లో బ్రోచర్ చూసి అడ్వాన్స్ పంపేవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగాలి. ‘ఇరవై నిమిషాల దూరం’ అనే మాట కూడా ఇలాంటిదే, ఏ వేళలో, ఏ బండి మీద, ఏ చోటు నుంచి అని లేని నిమిషాలకు స్కేలు లేదు.

అలాంటప్పుడు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. గ్రామం పేరు, సర్వే నంబరు అడగాలి. గ్రామ పటంలో ఆ నంబరు ఎక్కడుందో చూసి, దానికి దగ్గర్లో ఉన్న చెరువో, కూడలో, ఊరి పొలిమేరో ఏదో ఒక గట్టి గుర్తును ఆనవాలుగా పట్టుకుని ఫోన్ పటంలో అదే చోట పిన్ పెట్టాలి. రెండు మీటర్ల తేడా గట్టు తగాదాలో పెద్దది గానీ ఇక్కడ లెక్కలోకి రాదు, మనం చూస్తున్నది కిలోమీటర్లు. ఆ పిన్ నుంచి రింగ్ రోడ్డు దాకా ఒకసారి సరళరేఖలో కొలవాలి, ఇంకోసారి రింగ్ రోడ్డు మీద నిజంగా దిగగలిగే ఇంటర్‌చేంజ్ నుంచి రోడ్డు దారిలో కొలవాలి, ఎందుకంటే రింగ్ రోడ్డు పక్కనే ఉన్నా దాని మీదకు ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం. ఆ రెండు అంకెలనూ బ్రోచర్‌లో చెప్పిన కిలోమీటర్ల పక్కన రాసి పెట్టుకుని, తేడా ఎందుకొచ్చిందో అమ్మేవాళ్లను అడగాలి. సర్వే నంబరే ఇవ్వకపోతే కొలవడానికి పటం లేదు, కొనడానికి తొందరపడాల్సిన పనీ లేదు.